రెండు కంపెనీల జీతం, ఒక టాక్స్ లెక్క: భీమవరంలో మాస్టారి ఆఫీసు

భీమవరం మావుళ్ళమ్మ గుడి దగ్గర ఒక సందులో, మందుల షాపు పైన చిన్న గది. బోర్డు కూడా సరిగ్గా కనపడదు. ఒకప్పుడు కాలేజీలో కామర్స్ చెప్పినాయన నడుపుతారు, అందరూ మాస్టారనే అంటారు. నేను ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల ప్లాంటులో క్వాలిటీ విభాగంలో చేస్తాను. 2025 జూలైలో ఇన్‌కం టాక్స్ రిటర్ను వెయ్యడానికి వెళ్ళాను.

2024 సెప్టెంబరు దాకా విశాఖలో నెలకు 60 వేలు, అక్టోబరు నుంచి ఇక్కడ 75 వేలు. రెండు చోట్లా జీతంలో ఒక్క రూపాయి టాక్స్ పట్టుకోలేదు. రెండు ఫారం 16లూ (జీతం, పట్టుకున్న టాక్స్ చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితాలు) సున్నా చూపిస్తున్నాయి కదా, ఇక కట్టేదేమీ లేదనుకున్నాను. మాస్టారు రెండూ పక్కపక్కన పెట్టి కాసేపు చూసి, "24,440 కట్టాలమ్మా, వడ్డీ కాక" అన్నారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"మీకు పొలం ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. "నూర్పిళ్ళయ్యాక విత్తనాలకని వడ్లు ఎన్నిసార్లు తీసిపెడతారు?"

"ఒక్కసారేనండి."

"నీకు రెండు కంపెనీలూ విడివిడిగా తీసిపెట్టాయమ్మా."

పాత క్యాలెండరు కాగితం తిరగేసి పెన్సిల్‌తో లెక్క వేశారు. కంపెనీ ఏడాది మొత్తం జీతం అంచనా వేసి, దాని మీద వచ్చే టాక్స్‌ను నెలలకు పంచి పట్టుకుంటుంది. పాత కంపెనీ నా ఏడాది జీతం 7,20,000 అనుకుని 75 వేల స్టాండర్డ్ డిడక్షన్, అంటే జీతగాళ్ళకు టాక్స్ లెక్కలో ఇచ్చే తగ్గింపు, తీసేసింది. కొత్త టాక్స్ పద్ధతిలో ఆ ఏడాది ఏడు లక్షల దాకా రిబేటు, అంటే టాక్స్ మాఫీ, కాబట్టి సున్నా. ఇక్కడి కంపెనీ నా ఆరు నెలల జీతమే చూసి మళ్ళీ అదే 75 వేలు తీసి, మళ్ళీ సున్నా వేసింది. కలిపితే 8,10,000. విత్తనాల వడ్లలాగే డిడక్షన్ కూడా ఒక్కసారే తియ్యాలి, మిగిలింది 7,35,000. ఏడు లక్షలు దాటింది, రిబేటు పోయింది. టాక్స్ 23,500, సెస్సు 940.

చేరిన రోజే పాత జీతం వివరాలు ఫారం 12బిలో కొత్త కంపెనీకి ఇచ్చి ఉంటే, ఈ మొత్తం ఆరు నెలల మీద సర్దేవారట. ఆ రోజు నా చేత అన్ని కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు, ఈ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు. అది నాకు ఇప్పటికీ బాధే. వడ్డీతో కలిపి 26 వేలు దాటింది.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. ఇన్‌కం టాక్స్ పోర్టల్లో రిజిస్టర్ చేసేటప్పుడు నా ఫోన్ నంబరు, నా మెయిలే పెట్టించారు, పాస్‌వర్డ్ అడగలేదు. చలాన్ కూడా నా చేతే కట్టించారు. మన పేరున జమైన టాక్స్ కనపడే 26ఏఎస్ ఎలా తెరవాలో చూపించి, "పేస్లిప్‌లో పట్టుకున్నట్టు ఉంటే చాలదు, ఇక్కడ కూడా పడాలి, మూడు నెలలకోసారి చూసుకో" అన్నారు. నా ముందే ఒకాయన లేని అద్దె రశీదులు పెట్టి రిఫండ్ తెప్పించమంటే, తన వల్ల కాదని పంపేశారు.

ఇబ్బందులూ ఉన్నాయి. మెట్లు బాగా ఇరుకు, నాతో వచ్చిన మా అమ్మ పట్టుకుని ఎక్కాల్సి వచ్చింది. టోకెన్లు లేవు, జూలైలో రెండు గంటలు కూర్చున్నాం. ఫోన్ ఎత్తరు. మనుషులు ఎక్కువున్నా చెప్పేటప్పుడు మాత్రం తొందరపడరు, అందుకే నేను ఆ నిరీక్షణకు ఒప్పుకుంటాను.

800 తీసుకున్నారు. 2025-26లో జీతం 9 లక్షలైనా టాక్స్ పడదని, ఆ ఏడాదికి రిబేటు 12 లక్షలకు పెరిగిందని, అడగకుండానే లెక్కేసి ఇచ్చారు. వెళ్ళేవాళ్ళు ఏడాదిలో పనిచేసిన అన్ని చోట్ల ఫారం 16లూ, ఆధార్‌కు లింకైన ఫోనూ తీసుకెళ్ళండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా మూసి ఉంటుంది.