కాశీలో కేదార్ ఘాట్: స్నానానికి నేను సూచించే మెట్లు

కాశీలో గంగ ఒడ్డున ఉన్న 80కి పైగా ఘాట్లలో, స్నానానికీ కాసేపు ప్రశాంతంగా కూర్చోవడానికీ నేను మొదట చెప్పేది కేదార్ ఘాట్ పేరే. ఎరుపు, తెలుపు చారలు పూసిన కేదారేశ్వరాలయం నుంచి మెట్లు నేరుగా నీటిలోకి దిగుతాయి. ఆ వీధుల్లో తెలుగు, తమిళం వినిపిస్తుండడం, సమీపంలోని మానసరోవర్ ఘాట్ వద్ద శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం ఉండడం వల్ల మన పెద్దవారికి పరాయి ఊరనే బెరుకు కలగదు. తూర్పు ముఖంగా ఉన్నందున సూర్యోదయ వేళ అర్ఘ్యం ఇవ్వడానికి ఇంతకంటే అనువైన చోటు లేదని నా అభిప్రాయం.

అయితే మెట్లు ఏటవాలుగా ఉంటాయి. నీటి అంచున పట్టిన సన్నటి నాచు మీద అరికాలు ఇట్టే జారుతుంది కనుక, వృద్ధులు ఎవరి చేయీ పట్టుకోకుండా దిగకూడదు. మూలల్లో వదిలేసిన పూలదండలు, ప్లాస్టిక్ సంచులు చూస్తే మనసు చివుక్కుమంటుంది. అందులో మన యాత్రికుల వంతూ ఉంది.

సాయంత్రం హారతికి దశాశ్వమేధ ఘాట్ వరకు ఒడ్డు వెంబడే నడవవచ్చు. పడవ ఎక్కదలిస్తే, చెప్పిన ధర మనిషికా, పడవ మొత్తానికా అన్నది ముందే తేల్చుకోవాలి. వానాకాలంలో వరద వస్తే మెట్లు మునిగి, పడవలు ఆగిపోతాయి కాబట్టి కార్తీకం తరువాత వెళ్లడం మేలు.