ఫారెక్స్ కార్డా, చేతిలో నోట్లా: అయిదేళ్ల వాడకం తర్వాత

థాయ్‌లాండ్, సింగపూర్, దుబాయ్ ప్రయాణాలకు హైదరాబాద్‌లోనే డబ్బు మార్చుకుంటూ, పక్కన ఓ మల్టీ కరెన్సీ ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ కరెన్సీలు ఎక్కించుకుని అక్కడ వాడుకునేది) వాడుతూ అయిదేళ్లలో తేలిన లెక్క ఇది. రెండూ కావాలి, కానీ సమానంగా కాదు.

అబిడ్స్, బషీర్‌బాగ్ వైపు మనీ ఛేంజర్ల దగ్గర ‘కమీషన్ లేదు’ బోర్డు చూసి సంబరపడక్కర్లేదు. అది రేటులోనే కలిసి ఉంటుంది. ఆ పూట గూగుల్‌లో డాలర్ 90 రూపాయలు చూపిస్తోందనుకోండి. షాపులో 90.80 అంటే మంచి రేటే. 91.50 అంటే ఇంకో రెండు చోట్లకు ఫోన్ చేయండి. ఎయిర్‌పోర్టు కౌంటర్లో అదే 95 అన్నా నేను ఆశ్చర్యపోను. వెయ్యి డాలర్ల మీద నాలుగు వేలకు పైగా పోయినట్టే. అందుకే ‘రేటెంత’ అని కాదు, ‘అన్నీ కలిపి వెయ్యి డాలర్లకు ఎంత కట్టాలి’ అని అడగాలి.

జీఎస్టీకి భయపడొద్దు. లక్ష రూపాయల లోపు మార్పిడిలో 1 శాతాన్ని సేవ విలువగా తీసుకుని, దాని మీద 18 శాతం వేస్తారు. కనీసం 45 రూపాయలు. 90,800కు 163 చిల్లర, అంతే. బిల్లులో అంతకు మించి ఏదైనా చార్జీ కనిపిస్తే దేనికని నిలదీయండి.

పాస్‌పోర్టు, పాన్, టికెట్, అవసరమైతే వీసా చేతిలో ఉంచుకోండి. 50,000 రూపాయలకు చేరితే నగదు తీసుకోరు, బ్యాంకు ఖాతా నుంచే కట్టాలి. చాలా దేశాలకు ఒక ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్లకు మించి ఇవ్వరు, మిగతాది కార్డులోకే. నోట్లు కౌంటర్ దగ్గరే ఒక్కొక్కటీ తిప్పి చూడండి. పెన్ను గీత, ముద్ర, చిరుగు ఉన్న నోటును అక్కడే మార్పించుకోవాలి. బ్యాంకాక్‌లో అలాంటి నోటును వెనక్కి తోస్తారు. అక్కడ వంద డాలర్ల నోటుకున్న రేటు చిన్న నోట్లకు రాదు. థాయ్ కరెన్సీ బాత్‌లు ఇక్కడ కొనడం దండగ: మన దగ్గర గిరాకీ తక్కువ, అసలు రేటుకూ షాపు రేటుకూ తేడా ఎక్కువ. డాలర్లు పట్టుకెళ్లి సువర్ణభూమి విమానాశ్రయంలో, కింద రైలు స్టేషన్ దగ్గరున్న కౌంటర్లలో మార్చుకోవడం మేలు.

ఇక కార్డు. ఎక్కించిన రోజు రేటు ఖాయమవడం దీని గొప్ప. అసలు చిక్కు వేరే కరెన్సీలో గీకినప్పుడు వస్తుంది. డాలర్లు మాత్రమే ఎక్కించి బాత్‌లలో గీకితే చాలా కార్డులు మూడు శాతానికి పైగా కోసేస్తాయి. వెళ్లే దేశపు కరెన్సీ ఆ కార్డులో ఉందో లేదో కొనే ముందే కనుక్కోండి. థాయ్ ఏటీఎం ఒక్కో విత్‌డ్రాకు 220 బాత్‌లు, కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువే తీసుకుంటుంది, కార్డు ఇచ్చిన బ్యాంకు చార్జీ వేరే. కాబట్టి చిన్న మొత్తాలు పదేపదే తీయకూడదు. మెషీన్ ‘రూపాయల్లో కడతారా’ అని అడిగితే కచ్చితంగా వద్దనండి. ఆ రేటు దుకాణం వైపు వాళ్లు పెట్టేది. హోటల్ డిపాజిట్‌కు ఈ కార్డు ఇవ్వకండి, ఆపిన సొమ్ము విడుదలవడానికి రోజులు పడుతుంది. దానికి క్రెడిట్ కార్డే నయం.

మిగిలిన డబ్బు కార్డులోంచి వెనక్కి తీసుకుంటే బ్యాంకు మన దగ్గర కొనే తక్కువ రేటే ఇస్తారు, మళ్లీ కోత. అందుకే తక్కువే ఎక్కించి, చాలకపోతే యాప్‌లో మళ్లీ ఎక్కించుకుంటాను. తిరిగొచ్చాక 2,000 డాలర్ల దాకా దగ్గరుంచుకోవచ్చు, పైది 180 రోజుల్లో మార్చేయాలి. నాణేలు మాత్రం ఇక్కడ ఎవరూ తీసుకోరు, తిరుగు విమానం ఎక్కేముందు టీకి ఖర్చు పెట్టేయండి.