రన్-వాక్ పద్ధతి: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

కొన్నేళ్లుగా హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) అయినా ఫుల్ (42 కిలోమీటర్లు) అయినా రన్-వాక్ పద్ధతిలోనే పరిగెత్తుతున్నాను. రెండు నిమిషాలు పరుగు, 30 సెకన్లు నడక, మళ్లీ పరుగు. మొదటి కిలోమీటరు నుంచి చివరిదాకా అంతే. ఉద్యోగం చేసుకుంటూ, వైజాగ్ ఉక్కలో ప్రాక్టీస్ చేసే నాలాంటి మామూలు రన్నర్‌కి ఇంతకంటే పనికొచ్చే పద్ధతి నాకు కనబడలేదు.

దీన్ని తీర్చిదిద్దింది అమెరికన్ రన్నర్ జెఫ్ గాలోవే. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన మనిషి. 1974లో కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లకు శిక్షణ ఇస్తూ ఈ పద్ధతి మొదలుపెట్టారు. అంతటి రన్నర్ నడవమని చెప్పారంటే అందులో ఏదో ఉందనిపించే నేనూ పట్టుకున్నాను.

చాలామంది దీన్ని ఇంకోలా అర్థం చేసుకుంటారు. ఓపిక ఉన్నంతవరకు పరిగెత్తి, కాళ్లు ఆడనప్పుడు నడవడం అనుకుంటారు. అది రన్-వాక్ కాదు, అలసిపోవడం. ఇందులో నడక అలసట రాకముందే మొదలవ్వాలి. రెండో నిమిషం చివర ఒంట్లో ఇంకా హుషారుగా ఉంటుంది, పక్కవాళ్లంతా దూసుకుపోతుంటారు, అయినా ఆగి నడవాలి. పిక్కలు, తొడ కండరాలు తాజాగా ఉన్నప్పుడు ఇచ్చిన 30 సెకన్ల విశ్రాంతి వాటిని నిజంగా కాపాడుతుంది. అదే 30వ కిలోమీటరులో పిక్కలు పట్టేశాక ఐదు నిమిషాలు నడిచినా పెద్దగా తేడా రాదు. మొదటి పది కిలోమీటర్లలో అవసరం లేదనిపించినప్పుడు వేసే నడకలోనే ఈ పద్ధతి బలమంతా ఉంది.

టైమ్ పోతుంది కదా అని అందరూ అడుగుతారు. లెక్క వేసి చూద్దాం. కిలోమీటరుకు 7 నిమిషాల పేస్‌తో రెండు నిమిషాలు పరిగెత్తి, 10 నిమిషాల పేస్‌తో 30 సెకన్లు చురుగ్గా నడిస్తే, సగటు కిలోమీటరుకు 7 నిమిషాల 27 సెకన్లు వస్తుంది. ఆ లెక్కన 42.195 కిలోమీటర్లకు 5 గంటల 14 నిమిషాలు. ఆగకుండా 7 పేస్‌లో పరిగెత్తగలిగితే 4 గంటల 55 నిమిషాలు. కాగితం మీద 19 నిమిషాల నష్టం. కానీ ఆగకుండా పరిగెత్తే అమెచ్యూర్లలో ఎంతమంది చివరిదాకా అదే పేస్ నిలబెట్టుకుంటున్నారు? 30 కిలోమీటర్లు దాటాక కండరాల్లో నిల్వ ఉన్న ఇంధనం, అంటే గ్లైకోజెన్, అడుగంటి, కిలోమీటరుకు తొమ్మిదిన్నర నిమిషాలకు పడిపోతే, ఆఖరి పది కిలోమీటర్లలోనే 25 నిమిషాలు పోతాయి. మొదట్లో నన్ను దాటినవాళ్లలో చాలామంది 32వ కిలోమీటరు తర్వాత మళ్లీ కనబడుతుంటారు. అప్పుడు నేను ఇంకా రెండు నిమిషాల పరుగులోనే ఉంటాను.

ఉక్క సంగతి విడిగా చెప్పాలి. నా ప్రాక్టీస్ అంతా బీచ్ రోడ్డు మీద. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే వాహనాలు ఆపేస్తారు కాబట్టి హాయిగా ఉంటుంది. లాంగ్ రన్, అంటే ఎక్కువ దూరం పరిగెత్తే రోజు తెన్నేటి పార్క్ ఎత్తు ఎక్కి, సాగర్ నగర్ మీదుగా రుషికొండ దాకా పోయి వెనక్కి వస్తాను. సూర్యుడు రాకముందే బనియన్ పిండితే నీళ్లు కారతాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, గుండె వేగం ఊరికే పెరుగుతూ పోతుంది. నడిచే ఆ 30 సెకన్లలో అది కాస్త దిగుతుంది. పరిగెత్తుతూ తాగితే సగం ఒలికి, సగం పొలమారే నీళ్లు నడుస్తూ తాగితే పూర్తిగా లోపలికి పోతాయి. ఓఆర్‌ఎస్ కూడా అప్పుడే రెండు గుక్కలు.

పేస్ తేల్చుకోవడానికి గాలోవే చెప్పిన మైలు పరీక్ష బాగా పనిచేస్తుంది. వార్మప్ అయ్యాక ఒక మైలు, అంటే 1.6 కిలోమీటర్లు గట్టిగా పరిగెత్తి, వచ్చిన టైమ్‌ని 1.3తో గుణిస్తే ఫుల్ మారథాన్‌లో మైలుకు ఎంత పట్టొచ్చో తెలుస్తుంది. మైలు 9 నిమిషాల్లో వస్తే ఫుల్ సుమారు 5 గంటల 7 నిమిషాలు. అయితే ఇది చల్లటి వాతావరణానికి వేసిన లెక్క. ఆయనే చెప్పిన ఎండ సవరణ ప్రకారం దాదాపు 15 డిగ్రీలు దాటాక ప్రతి మూడు డిగ్రీలకు మైలుకు 30 సెకన్లు నెమ్మదిగా పరిగెత్తాలి. 24 డిగ్రీల ఉదయానికి అది కిలోమీటరుకు ఒక నిమిషం దగ్గరికి వస్తుంది. మన దగ్గర చలికాలం తప్ప మిగతా రోజుల్లో ఈ సవరణ లేకుండా లాంగ్ రన్‌కి దిగొద్దు.

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు ఎక్కువ. అక్కడ పరుగు, నడకలకు బీప్ కొట్టే వాచీ టైమర్‌ని కాస్త పక్కన పెట్టి ఎత్తు మీద నడిచి, దిగుడులో పరుగు పెంచుకుంటాను. ముంబైలో తిరుగు దారిలో వచ్చే పెద్దర్ రోడ్ ఎత్తుకీ అదే మందు.

ఇబ్బందులు లేకపోలేదు. స్టార్ట్ దగ్గర గుంపులో ఉన్నట్టుండి ఆగితే వెనకవాళ్లు వచ్చి గుద్దుకుంటారు. ముందే చెయ్యెత్తి, రోడ్డు అంచుకు జరిగాకే నడవాలి. ఫలానా టైమ్‌కి పూర్తిచేసేలా గుంపును తీసుకెళ్లే పేసర్లు సాధారణంగా ఒకే వేగంతో పోతారు కాబట్టి వాళ్ల గుంపుతో ఉండలేం. 10కె రేసుకి ఇది నాకు నచ్చలేదు, వేగం అందుకునేలోపే బీప్ వస్తుంది. వాచీ వైబ్రేషన్ మీద పెట్టుకోండి, రేసు మ్యూజిక్‌లో బీప్ వినబడదు.

అన్నిటికంటే కష్టం జనం మాటలు. రోడ్డు పక్కన నిలబడి ప్రోత్సహించేవాళ్లు ప్రేమతోనే అరుస్తారు: "సార్, నడవకండి! పరిగెత్తండి!" మూడో కిలోమీటరులోనే ఆ మాట వినబడితే కొత్తవాళ్లకు సిగ్గేసి నడక మానేస్తారు. నేను చిరునవ్వు నవ్వి నడుస్తాను. మా గ్రూపులో ఒక అక్క యాభై దాటాక పరుగు మొదలుపెట్టారు. 30 సెకన్లు పరుగు, 30 సెకన్లు నడకతో విశాఖలో నేవీ మారథాన్ హాఫ్ పూర్తిచేశారు. ఆవిడ మెడల్ చూసి ఎవరూ మధ్యలో నడిచారా అని అడగలేదు. అడిగినా ఆవిడ గర్వంగానే చెబుతారు.

కొత్తవాళ్లు 30/30తో మొదలుపెట్టండి. హాఫ్ ఒకసారి హాయిగా పూర్తయ్యాక 60/30కి, ఆ తర్వాత రెండు నిమిషాలకు వెళ్లొచ్చు. పరుగు ఎంత పెంచినా నడక 30 సెకన్లు దాటనివ్వకండి, అంతకు మించితే కాళ్లు చల్లబడి మళ్లీ పరుగు అందుకోవడం కష్టమవుతుంది. లాంగ్ రన్‌లలో వాడిన నిష్పత్తే రేసు రోజూ వాడండి. వారం ముందు ఎవరో చెప్పారని మార్చొద్దు.