‘ఎక్సోడస్’ పుట్టిన చోట్లు: కింగ్‌స్టన్, నైన్ మైల్, లండన్

జమైకా రెగే గాయకుడు బాబ్ మార్లీ బృందం ‘బాబ్ మార్లీ అండ్ ద వెయిలర్స్’ పాడిన ‘ఎక్సోడస్’ ఆల్బమ్ 1977 జూన్ 3న విడుదలైంది. ఇందులోని పది పాటల్లో ఎల్‌పీ రికార్డు మొదటి వైపున ఉన్న ఐదూ పీడన, ద్రోహం, విమోచన గురించి గంభీరంగా సాగుతాయి. రెండో వైపుకు తిప్పితే, ‘జామింగ్’ నుంచి ‘వన్ లవ్’ దాకా ప్రేమ, ఆటపాట, నిశ్చింత వినిపిస్తాయి. ఈ రెండు స్వభావాలూ మార్లీ అనే ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో ఆయన తిరిగిన నేల మీదే చూడాలని నాకు ఎంతో కాలంగా కోరిక. మయామీ నుంచి జమైకా రాజధాని కింగ్‌స్టన్‌కు విమానంలో రెండు గంటలైనా పట్టదు కనుక, ఫ్లోరిడాలోని బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు మేము ఆ కోరిక తీర్చుకున్నాం.

జమైకాకు వచ్చే పర్యాటకుల్లో చాలామంది మాంటెగో బే, ఓచో రియోస్ సముద్రతీర రిసార్టుల్లో దిగి, కింగ్‌స్టన్‌ను ఒక్క పూటలో చూసి వెళ్లిపోతారు. ఈ ఆల్బమ్ కోసం వచ్చేవారు మాత్రం న్యూ కింగ్‌స్టన్‌లో బస చేయడమే మంచిది. హోటళ్లు అక్కడే ఎక్కువగా ఉన్నాయి, మార్లీ ఇల్లున్న హోప్ రోడ్డు కూడా దగ్గర. పగటిపూట హాఫ్ వే ట్రీ కూడలి నుంచి సిటీ బస్సులు దొరుకుతాయి. చీకటి పడ్డాక ఎర్ర నంబరు పలక ఉన్న అధికారిక టాక్సీనే ఎక్కాలి, ఎక్కే ముందే ఛార్జీ మాట్లాడుకోవాలి. విమానాశ్రయం దగ్గర ఒక డ్రైవరు ముందు చెప్పిన మొత్తాన్ని దిగేటప్పుడు పెంచి అడిగాడు. ఆ తర్వాత హోటల్ వారు పిలిపించిన కార్లే వాడుకున్నాం, మళ్లీ ఏ ఇబ్బందీ రాలేదు.

నా దృష్టిలో ఈ ప్రయాణానికి కేంద్రం 56 హోప్ రోడ్డులోని మార్లీ ఇల్లు, ఇప్పటి మ్యూజియం. లోపలికి గైడు వెంటే వెళ్లాలి, ఇంటి గదుల్లో ఫొటోలు తీయనివ్వరు. 1976 ఎన్నికల వేళ జమైకాలో రెండు ప్రధాన పార్టీల మద్దతుదారుల ముఠాల మధ్య హత్యలు జరుగుతున్నాయి. డిసెంబరు 5న ఉచిత కచేరీ చేయడానికి మార్లీ ఒప్పుకున్నారు. దానికి రెండు రోజుల ముందు సాయుధులు ఈ ఆవరణలో చొరబడి కాల్పులు జరపగా, ఆయన ఛాతీకి, చేతికి, భార్య రీటా తలకు గాయాలయ్యాయి, మేనేజరు డాన్ టేలర్ తీవ్రంగా గాయపడ్డారు. ఆ దెబ్బలతోనే మార్లీ నేషనల్ హీరోస్ పార్కు వేదికెక్కి పాడి, తర్వాత దేశం విడిచి వెళ్లిపోయారు. గోడలో తూటాల గుర్తులను ఇప్పటికీ అలాగే ఉంచారు. ‘త్రీ లిటిల్ బర్డ్స్’ పాటకు ప్రేరణ ఈ ఇంటి ముంగిట వాలే పిట్టలేనని ఒక కథనం ఉంది. రికార్డు మీద విడివిడిగా ఉన్న కోపమూ నిశ్చింతా ఇక్కడ ఒకే పెరట్లో కనబడటం నన్ను నిలబెట్టేసింది. టికెట్టు ధర ఎక్కువే అయినా, ఆ గోడ ముందు నిలుచున్నాక అది నాకు భారమనిపించలేదు.

హోప్ రోడ్డు ఇంట్లో తెలియకుండా మిగిలిన సగం కథను పూరించేది కింగ్‌స్టన్‌లోనే ట్రెంచ్ టౌన్ అనే పేటలో ఉన్న కల్చర్ యార్డు. మార్లీ యౌవనంలో నివసించిన ప్రభుత్వ గృహ సముదాయం ఇది. నడిమి వాకిలి, చుట్టూ ఒంటి గదులు, ఉమ్మడి వంటశాల, తుప్పు పట్టిన వోక్స్‌వ్యాగన్ వ్యాను కనిపిస్తాయి. హోప్ రోడ్డులోని హంగు ఇక్కడ లేదు. గైడు ఆ పేటవాడే కావడంతో ఏ గదిలో ఎవరు ఎలా బతికారో ఓపికగా వివరించాడు, మా ప్రశ్నలకు తొందరపడకుండా జవాబు చెప్పాడు. ఒంటరిగా వీధుల్లో తిరగకుండా ముందే మాట్లాడుకుని వెళ్లాలి. ‘ఎక్సోడస్’ మొదటి వైపు పాటల్లోని ఆవేదన ఎవరిదో తెలియాలంటే ఈ వాకిలి చూడక తప్పదు.

భోజనానికి మాకు దిగులు లేకపోయింది. 1845 నుంచి ఒప్పంద కూలీలుగా వచ్చిన భారతీయుల వల్ల మేక మాంసం కూర ఈ దేశపు వంటల్లో కలిసిపోయింది. శాకాహారులకు, జమైకాలో పుట్టిన రాస్తాఫారీ మతస్థుల ‘ఐటల్’ (వారి నియమాల ప్రకారం వండే సహజాహారం) భోజనశాలలు ఉన్నాయి. అక్కడ కొబ్బరిపాలలో వండిన పప్పుకూరలు తిన్నాం.

మార్లీ పుట్టిన ఊరు, సమాధి ఉన్న చోటు అయిన నైన్ మైల్ సెయింట్ ఆన్ కొండల్లో ఉంది. సమాధి వద్ద భక్తితో నిలబడాలనుకునేవారు తప్పక వెళ్లాలి. కానీ దారి మలుపులతో రోజంతా పడుతుంది, ‘ఎక్సోడస్’ గురించి అక్కడ తెలిసేది తక్కువ. పైగా మేము మాట్లాడుకున్న టూరు కారు దారిలో బహుమతుల దుకాణం దగ్గర మా కోరిక లేకుండానే ఆగింది. ఒక్క రోజే చేతిలో ఉన్నవారు పొద్దున ట్రెంచ్ టౌన్, మధ్యాహ్నం హోప్ రోడ్డు చూసి, నైన్ మైల్ వదిలేయడం మేలు.

కాల్పుల తర్వాత మార్లీ చేరింది లండన్‌కే కాబట్టి ఆల్బమ్ రికార్డయిన చోటు, అప్పట్లో ఆయన ఉన్న ఇల్లు అక్కడ వెతకాలి. నాటింగ్ హిల్‌లోని బేసింగ్ స్ట్రీట్ స్టూడియో పాత చర్చి భవనం. ఈ పాటలు అక్కడ రికార్డయ్యాయి. ఇప్పుడది నివాసాలుగా మారింది, సందర్శకులకు చూపేదేమీ లేదు. చెల్సియాలోని 42 ఓక్లీ స్ట్రీట్‌లో మార్లీ 1977లో నివసించారు. ఆ ఇంటి గోడకు ఇంగ్లీష్ హెరిటేజ్ సంస్థ 2019లో నీలి ఫలకం అమర్చింది. ఇల్లు ప్రైవేటు కాబట్టి పేవ్‌మెంట్ మీద నుంచే చూడాలి, టికెట్టు లేదు. లండన్‌లో ఉంటున్న తెలుగువారు కింగ్‌స్టన్ దాకా వెళ్లలేకపోయినా, ఒక సాయంత్రం ఈ రెండు చోట్లకూ నడిచి రావచ్చు.