కోర్టు మెట్లా, ఐక్యరాజ్యసమితికి అర్జీనా, కాలినడకా: ఏది మేలు?

ఒకే ఇంట్లో పుట్టిన అన్నాచెల్లెళ్లు అనుకోండి. అన్న తెల్లమ్మాయిని చేసుకున్నాడు. పెళ్లిరోజు నుంచే ఆ అమ్మాయి చట్టం లెక్కలో ‘ఇండియన్’ అయిపోయింది. వాళ్ల పిల్లలూ ఇండియన్లే. చెల్లెలు తెల్లబ్బాయిని చేసుకుంది. పెళ్లిరోజు నుంచే ఆమె ఇండియన్ కాకుండా పోయింది. పుట్టిన ఊళ్లో ఇల్లు ఉంచుకునే హక్కు లేదు, పుట్టింటి ఆస్తి రాదు, చచ్చిపోతే అమ్మానాన్నల పక్కన పూడ్చమని అడిగే హక్కు కూడా లేదు. మొగుడు పోయి తిరిగొచ్చినా, విడాకులు తీసుకుని తిరిగొచ్చినా అంతే. అన్నగారి తెల్ల భార్యకు మాత్రం అవన్నీ ఉన్నాయి.

ఇది కెనడాలో 1869లో పెట్టిన రూలు. తర్వాత 1876 నాటి ‘ఇండియన్ యాక్ట్’లో కలిసింది, 1951 సవరణలో 12(1)(బి) అనే నంబరు తెచ్చుకుంది, 1985 దాకా బతికింది. 116 ఏళ్లు. ఇక్కడ ఇండియన్ అంటే మనం కాదు, అక్కడి ఆదివాసీలు. కొలంబస్ పొరపాటు పడితే అది చట్టంలోకి కూడా ఎక్కింది. ఆ చట్టం కింద ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరు ఉండటాన్ని ‘స్టేటస్’ అంటారు. పేరు ఉంటేనే రిజర్వ్‌లో, అంటే ఆదివాసీలకు వదిలిన భూమిలో, నిలవనీడ.

ఈ రూలు మీద మూడు దారుల్లో పోరాటం నడిచింది. ఒకామె సొంత దేశపు కోర్టుకెళ్లింది. ఒకామె ఐక్యరాజ్యసమితికి అర్జీ పెట్టింది. మిగతావాళ్లు రోడ్డెక్కారు. ఏ దారి మేలు అని తేల్చాలంటే ముందు ఒక కొలబద్ద కావాలి. తీర్పు వచ్చిందా, పేపర్లో పడిందా అన్నది నా కొలబద్ద కాదు. ఆ చెల్లెలి మనవరాలికి ఏం అందింది అన్నదే చూస్తాను.

ముందు కోర్టు సంగతి. జీనెట్ కోర్బియర్ లవెల్ అంటారియోలోని విక్వెమికాంగ్ ఆడపడుచు, అనిషినాబే తెగ. 1970లో తెల్లతన్ని పెళ్లాడింది, స్టేటస్ పోయింది. కెనడా హక్కుల చట్టంలో చట్టం ముందు అందరూ సమానమే అని రాసుంది కదా అని కోర్టుకెక్కింది. కింది కోర్టులో ఓడిపోయింది, 1971లో ఫెడరల్ అప్పీల్ కోర్టులో గెలిచింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకెళ్లింది. 1973 ఆగస్టు 27న తీర్పు. అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. ఓడిపోయింది.

ఎలా ఓడిపోయిందన్నదే చూడాల్సిన విషయం. 1969లో అదే సుప్రీంకోర్టు డ్రైబోన్స్ అనే ఆదివాసీ మగవాడి కేసు తేల్చింది. రిజర్వ్ బయట తాగి పడిపోయాడని అతనికి జరిమానా వేశారు. తెల్లవాడు అదే పని చేస్తే ఆ శిక్ష లేదు, కాబట్టి ఇది జాతి వివక్ష అని కోర్టు ఆ సెక్షన్‌నే కొట్టేసింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ రిచీయే నాలుగేళ్లకు లవెల్ కేసులోనూ ప్రధాన తీర్పు రాశారు. ఈసారి ఆయన లెక్క వేరు. చట్టం ముందు సమానత్వం అంటే చట్టాన్ని అమలు చేయడంలో సమానత్వమే, బయటివాళ్లను చేసుకున్న ఇండియన్ ఆడవాళ్లందరికీ ఈ సెక్షన్ ఒకేలా అమలవుతోంది, ఇక వివక్ష ఎక్కడ? ఆదివాసీగా వెళ్తే ‘నీది ఆడవాళ్ల గొడవ’ అన్నట్టు, ఆడదానిగా వెళ్తే ‘మీ ఆదివాసీ ఆడవాళ్లంతా సమానమే కదా’ అన్నట్టు అయింది. కింబర్లీ క్రెన్‌షా అనే అమెరికా నల్లజాతి న్యాయశాస్త్ర ప్రొఫెసర్ దీనికి ‘ఇంటర్‌సెక్షనాలిటీ’ అని పేరు పెట్టింది 1989లో. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడ్డ మనిషిని రెండు వైపుల నుంచి వచ్చే బళ్లు గుద్దుతాయి, ఏ బండి గుద్దిందో విడిగా చూపించమంటే ఆమె చూపించలేదు. పేరు పెట్టకముందే లవెల్ ఆ కూడలిలో నిలబడింది.

ఇంకో దెబ్బ ఇంటి నుంచి తగిలింది. నేషనల్ ఇండియన్ బ్రదర్‌హుడ్ లాంటి ఆదివాసీ సంఘాలు ఆ కేసులో ప్రభుత్వం పక్కన నిలబడ్డాయి. మగ అహంకారం అని ఒక్క మాటతో కొట్టేయబుద్ధి కాదు నాకు. 1969లో ప్రభుత్వం శ్వేతపత్రం వేసి ఇండియన్ యాక్ట్‌నే ఎత్తేస్తామంది. అది పోతే ఒప్పందాలూ భూములూ పోతాయని వాళ్ల భయం. సమానత్వం పేరుతో ఒక సెక్షన్ పడితే మొత్తం చట్టమే కూలుతుందేమో అని. పైగా తెల్ల అల్లుళ్లు వచ్చి భూములు కాజేస్తారన్న అనుమానం. మన ఏజెన్సీ వాళ్లకు ఈ భయం కొత్తది కాదు. 1/70 చట్టం ఉండగా గిరిజనేతరుడు అక్కడ భూమి కొనలేడు. గిరిజన మహిళను పెళ్లాడో చేరదీసో ఆమె పేర భూమి పెట్టుకునేవాళ్ల కథలు భద్రాచలం వైపు, పాడేరు వైపు ఎవరినడిగినా చెబుతారు. భయం నిజమే. కానీ దొంగ అల్లుడు వస్తాడని కూతుర్ని గడప దాటించడం, కోడలిగా వచ్చిన తెల్లమ్మాయికి మాత్రం తలుపు తీయడం ఏం న్యాయం? భూమికి కాపలా కాయాలంటే భూమికి కాయాలి, కూతురి పెళ్లికి కాదు.

కాబట్టి మొదటి దారి స్కోరు సున్నా. మనవరాలి మాట అటుంచి, లవెల్‌కే ఏమీ రాలేదు. అయినా ఆ ఓటమి వేరేచోట పనికొచ్చింది.

శాండ్రా లవ్‌లేస్ న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోని టోబిక్ రిజర్వ్‌లో పుట్టిన మాలిసీట్ మహిళ. 1970లో అమెరికన్‌ను చేసుకుంది. విడిపోయి బిడ్డతో ఊరికొస్తే ఇల్లు ఇవ్వలేదు. 1977 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు పంపింది. అక్కడ ఒక నియమం ఉంది: ముందు మీ దేశంలో ఉన్న కోర్టులన్నీ ఎక్కి రండి అని. లవ్‌లేస్ ఎక్కనక్కర్లేకపోయింది. ఎందుకంటే లవెల్ అప్పటికే ఎక్కి, చివరి మెట్టు మీద ఓడిపోయింది. ఇక కెనడాలో దారి లేదని ఆ తీర్పే సాక్ష్యం.

1981 జులై 30న కమిటీ లవ్‌లేస్ వైపు చెప్పింది. కానీ ఆడా మగా తేడా చూపారు అని కాదు! ఆమె పెళ్లి 1970లో, ఆ కమిటీ చూసే అంతర్జాతీయ హక్కుల ఒడంబడిక కెనడాకు వర్తించింది 1976లో. పాత పెళ్లి మీద తీర్పు చెప్పలేమన్నారు. స్టేటస్ పోయిన ఫలితం ఇంకా కొనసాగుతోంది కాబట్టి, సొంత జనంతో కలిసి తన సంస్కృతిలో బతికే హక్కు, అంటే 27వ అధికరణం, ఉల్లంఘించారన్నారు. నాకైతే ఇదే మేలైన తీర్పు అనిపిస్తుంది. ‘ఆడదానివా, ఆదివాసీవా, ఏదో ఒకటి చెప్పు’ అనే ప్రశ్నే అడగలేదు. నువ్వు ఇంటికెళ్లి ఉండే వీలుందా లేదా అని చూశారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు మన పెద్దలు. ఇక్కడ రచ్చ గెలిచాకే ఇంట్లో కదలిక వచ్చింది. అయితే ఐక్యరాజ్యసమితికి పోలీసుల్లేరు, జప్తు చేసే అమీనా లేడు. కమిటీ అభిప్రాయం చెబుతుంది, దేశం సిగ్గుపడితే పడుతుంది. ప్రపంచానికి మానవ హక్కుల పాఠాలు చెప్పే కెనడా సిగ్గుపడింది. అదే తీర్పు సిగ్గుపడని దేశం మీద వచ్చి ఉంటే ఫైల్లో పడి ఉండేది. తీర్పు వచ్చాక కూడా చట్టం మారడానికి నాలుగేళ్లు పట్టింది.

మూడో దారికి మొదలు అసలు చట్టంతో కాదు, ఇళ్లతో. టోబిక్‌లో ఇళ్లు మగవాళ్ల పేర ఉండేవి. మొగుడు పొమ్మంటే పెళ్లాం, పిల్లలు బయటే. స్టేటస్ ఉన్న ఆడవాళ్లకూ ఇదే గతి. 1977లో ఆడవాళ్లు పిల్లలతో సహా బ్యాండ్ ఆఫీసులో, అంటే వాళ్ల పంచాయతీ ఆఫీసు లాంటిదానిలో, చొరబడి కూర్చున్నారు. 1979 జులైలో క్యుబెక్‌లోని ఓకా నుంచి రాజధాని ఒటావాకు నడిచారు. వంద మైళ్లు, అంటే 160 కిలోమీటర్ల పైచిలుకు. మండు వేసవిలో, చంటిపిల్లలతో. ఇల్లు అడగడానికి మొదలైన నడక 12(1)(బి) దగ్గర తేలింది. ఊళ్లో తన్ని తరిమేసిన మొగుడి సంగతీ, పార్లమెంటులో కూర్చున్న సెక్షన్ సంగతీ ఒకటేనని వాళ్లకు దారిలో తెలిసింది. ఏ వకీలూ ఇది చెప్పి ఉండడు, ఆయన దగ్గర ఒకసారికి ఒక కేసే ఉంటుంది.

వీళ్లకన్నా ముందే నడక మొదలెట్టిన పెద్దావిడ మేరీ టూ-యాక్స్ ఎర్లీ. మాంట్రియల్ పక్కన కానవాగేలో 1911లో పుట్టిన మోహాక్ మహిళ. ఐరిష్ అమెరికన్‌ను చేసుకుని బ్రూక్లిన్‌లో కాపురం పెట్టింది. 1966లో ఆమె స్నేహితురాలు ఒకామె గుండెపోటుతో ఆమె చేతుల్లోనే పోయింది. ఆమెకూ ఇదే రూలు వల్ల ఊళ్లో చోటు లేకుండా పోయింది, ఆ బెంగే ప్రాణం తీసిందని మేరీ నమ్మింది. మరుసటి ఏడాదే సంఘం పెట్టింది. మొగుడు పోయాక ఊరొచ్చి తన అమ్మమ్మ ఇంట్లో ఉంది, అదీ కూతురి పుణ్యాన. కూతురు ఊళ్లోని మోహాక్‌నే పెళ్లాడి స్టేటస్ తెచ్చుకుంది కాబట్టి ఇల్లు కూతురి పేర పెట్టారు. తన ఇంట్లో తను కూతురి అతిథి.

1975లో మేరీ మెక్సికో సిటీలో ప్రపంచ మహిళా సదస్సులో ఉండగా ఇల్లు ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. ఆమె ఊరుకుంటుందా? అక్కడికక్కడే, దేశదేశాల ఆడవాళ్లందరి ముందు ఆ నోటీసు సంగతి చెప్పేసింది. నోటీసు వెనక్కి పోయింది. 1983లో రాజ్యాంగం మీద ప్రధానీ, రాష్ట్రాల ప్రీమియర్లూ, అంటే అక్కడి ముఖ్యమంత్రులూ, కూర్చున్న సమావేశంలో ఆమెకు మాట్లాడే చోటు లేదన్నారు. క్యుబెక్ ప్రీమియర్ రెనే లెవెక్ లేచి తన కుర్చీ ఇచ్చేశాడు. ఆదివాసీ హక్కులు ఆడామగా ఇద్దరికీ సమానంగా చెందుతాయన్న వాక్యం ఆ ఏడాది సవరణతోనే రాజ్యాంగంలోకి ఎక్కింది.

1985 జూన్‌లో బిల్ సి-31 వచ్చింది. 12(1)(బి) పోయింది. పెళ్లితో స్టేటస్ పోవడం, పెళ్లితో స్టేటస్ రావడం రెండూ ఆగిపోయాయి. తర్వాతి ఏళ్లలో లక్షకు పైగా మంది రిజిస్టర్‌లో పేరు తెచ్చుకున్నారు. ఇక్కడిదాకా చూస్తే నడకదే గెలుపు, అనుమానం లేదు.

ఇక మనవరాలి దగ్గరికొద్దాం. కొత్త చట్టంలో రెండు అరలు పెట్టారు, 6(1), 6(2). 6(1)లో ఉంటే జీవిత భాగస్వామి ఎవరైనా పిల్లలకు స్టేటస్ వస్తుంది. 6(2)లో ఉంటే, భాగస్వామికీ స్టేటస్ ఉంటేనే వస్తుంది. మొదట్లో చెప్పిన అన్న 6(1), ఆయన తెల్ల భార్యా 6(1), పిల్లలూ 6(1), ఆ పిల్లలు బయటివాళ్లను చేసుకున్నా మనవలు 6(2). చెల్లెలు 6(1)లోకి తిరిగొచ్చింది, కానీ పిల్లలు 6(2), వాళ్లు బయట చేసుకుంటే మనవలకు సున్నా. ముందువాకిట తీసేసిన వివక్షను పెరటివైపు నుంచి లోపలికి తెచ్చి, ఒక తరం కింద కూర్చోబెట్టారు.

దీనిమీద రోడ్డెక్కడం కష్టం. ‘పెళ్లాడితే ఊరొదలాలా?’ అన్నది ప్లకార్డు మీద పడుతుంది, చూసినవాడికి కడుపు మండుతుంది. ‘6(1)(సి) బదులు 6(1)(ఎ) కావాలి’ అన్నది ఏ అట్టముక్క మీద రాస్తే ఎవడికి అర్థమవుతుంది? ఇక్కడికొచ్చేసరికి నేను మళ్లీ కోర్టు వైపు తిరుగుతాను, అక్కడ మొదట తగిలిన దెబ్బ తెలిసి కూడా.

బ్రిటిష్ కొలంబియాకు చెందిన షారన్ మెకైవర్ స్వయంగా లాయరు. ఆమె కొడుకు 6(2), మనవలకు ఏమీ లేదు. 1989లో కేసు వేసింది. విచారణ కోర్టు తీర్పు 2007లో, గెలుపు. 2009లో అప్పీల్ కోర్టు కూడా వివక్ష ఉందంది గానీ గెలుపును బాగా కుదించింది. సుప్రీంకోర్టు కేసే తీసుకోలేదు. ప్రభుత్వం కోర్టు చెప్పిన కనీసం మాత్రం చేసింది: 2011లో అమల్లోకొచ్చిన చట్టంతో మనవలకు స్టేటస్ వచ్చింది, కానీ 1951 సెప్టెంబర్ 4న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకే. అంటే ఒకే అమ్మమ్మ మనవల్లో పుట్టినరోజును బట్టి ఒకరు ఇండియన్, ఒకరు కాదు. మెకైవర్ ఊరుకోకుండా లవ్‌లేస్ దారిపట్టి ఐక్యరాజ్యసమితికి వెళ్లింది. అక్కడ గెలిచినట్టు 2019 జనవరిలో బయటికొచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆ తేదీ గీత చెరిగిపోయింది. కేసు వేసి అప్పటికి 30 ఏళ్లు.

మన దగ్గర పెళ్లితో ఆడపిల్ల ఎస్టీ హోదా పోదు. పిల్లల దగ్గరే పేచీ. తండ్రి గిరిజనేతరుడైతే పిల్లలూ గిరిజనేతరులే అన్న ఊహను దాటి, తల్లి దగ్గర ఆమె జనంలో ఎలా పెరిగారో చూడాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. పేచీ పిల్లల దగ్గరే కాబట్టి, మెకైవర్ లెక్క మనకు అంత దూరంది కాదు.

అందుకే ఒకే ఒక్క దారి పేరు చెప్పమంటే నేను చెప్పలేను గానీ, ఎప్పుడు ఏదో చెప్పగలను. అవమానం కంటికి కనబడేదైతే నడవాలి, అదీ ముందు నడవాలి. నడిచినవాళ్లకు ఊళ్లో బలం వస్తుంది, కేసు వేసిన ఒంటరి ఆడదానికి ఊళ్లో శత్రువులొస్తారు. లెక్కల్లో దాచిన అన్యాయమైతే కోర్టే, పదేళ్లూ ఇరవయ్యేళ్లూ ఓపిక పట్టగలిగితే. ఐక్యరాజ్యసమితిని మొదటి దారిగా ఎంచుకోవద్దు. ఇంట్లో తలుపులు మూసేసినప్పుడు, మూసినవాళ్లకు కాస్త పరువు భయం ఉన్నప్పుడే అది పనిచేస్తుంది.

సి-31 కింద స్టేటస్ తిరిగి తెచ్చుకున్న మొట్టమొదటి మహిళ మేరీ టూ-యాక్స్ ఎర్లీ. 1985 జులై 5న టొరంటోలో మంత్రి చేతుల మీదుగా కాగితం అందుకుంది, 73 ఏళ్ల వయసులో. 1996లో చనిపోయింది. కానవాగేలోనే పూడ్చారు.