రాగా, ఇత్తడా? టోకెన్లు సేకరించేవాళ్లకు మిల్లీగ్రాము కాటా ఎంత పనికొస్తుంది

అమెరికా అంతర్యుద్ధ కాలంలో జనం నాణేలు దాచేసుకుని చిల్లరకు కటకటైతే, దుకాణదారులు సొంతంగా సెంటు సైజు టోకెన్లు కొట్టించి చలామణీలో పెట్టారు. చాలావాటి మీద 1863 అని ఉంటుంది. 1864లో ప్రభుత్వం వీటిని నిషేధించింది. ఈ టోకెన్ల కేటలాగులో ఒక్కో రకానికి ఇచ్చే ఫుల్డ్ నంబర్లలో చివరి అక్షరం లోహాన్ని చెబుతుంది: ‘ఎ’ రాగి, ‘బి’ ఇత్తడి. ఒకే అచ్చు రాగిలో దండిగా దొరికి ఇత్తడిలో అరుదు కావచ్చు, ధర తిరగబడేది అక్కడే. నల్లబడ్డ ముక్కను చూసి లోహం చెప్పలేం. ప్రైవేటు ముద్రణ కాబట్టి మందం ఒకేలా ఉండదు, బరువునూ నమ్మలేం. ఇక మిగిలింది సాంద్రత.

సికింద్రాబాద్ పాట్ మార్కెట్ వైపు కంసాలి పనిముట్ల షాపుల్లో అడిగేటప్పుడు 0.01 గ్రాముల కాటా చూపిస్తే వద్దనండి. 3.2 గ్రాముల టోకెన్ రాగిదైతే 0.360 గ్రాముల నీటిని తొలగిస్తుంది, ఇత్తడిదైతే 0.376 దాకా. తేడా 17 మిల్లీగ్రాములు కూడా లేదు. 0.01 కాటాతో అది నమ్మకంగా తేలదు. 0.001 రకమే కావాలి, అదీ 50 గ్రాములు మోసేది. 20 గ్రాముల దాంట్లో గిన్నె, నీళ్లు కలిపితేనే హద్దు దాటిపోతుంది.

పల్చటి ప్లాస్టిక్ కప్పులో కాచి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్ పోసి కాటా మీద పెట్టి సున్నా చేయాలి. టోకెన్‌ని సన్నటి నైలాన్ దారంతో స్టాండు నుంచి వేలాడదీసి, అడుగు తగలకుండా ముంచాలి. అప్పుడు కాటా చూపేది తొలగిన నీటి బరువు. పొడిగా తూచిన టోకెన్ బరువును ఆ రీడింగ్‌తో భాగిస్తే రాగికి 8.9, ఇత్తడికి 8.5 దగ్గర్లో వస్తుంది. అక్షరాల సందుల్లో గాలి బుడగలుంటే రాగి కూడా ఇత్తడిలా కనిపిస్తుంది, మెత్తటి కుంచెతో తుడిచేయండి. ఎండాకాలం నీళ్లు వేడెక్కినా తేడా ఒక శాతం లోపే. సీలింగ్ ఫ్యాన్ మాత్రం కట్టేయాల్సిందే, కప్పు ఉన్నప్పుడు గాలి తగలకుండా వేసే కాటా మూత పడదు కదా!

ఈ కాటాల పెద్ద లోపం ఆటో ఆఫ్. దారం సర్దుకునేలోపే ఆరిపోయి సున్నా పోతుంది. ఆటో ఆఫ్ తీసేసే వీలున్న మోడలే అడగండి. కాటాను సరిచూసే క్యాలిబ్రేషన్ బాటు చేత్తో పట్టుకోవద్దు, వేలి జిడ్డు కూడా తూగుతుంది. బ్యాటరీ నీరసిస్తే అంకెలు నిలవవు.

జర్మన్ పట్టణాల మొదటి ప్రపంచ యుద్ధకాలపు ఇనుప టోకెన్లను మాత్రం నీళ్లలో ముంచకండి, తుప్పు పడుతుంది. వాటికి అయస్కాంతం చాలు.