మణికొండలో ఇల్లు వెతికే జంటలూ, ఈ ఓనరు జోలికి పోకండి

మణికొండ పైప్‌లైన్ రోడ్డు వైపు టూ బీహెచ్‌కే చూస్తున్నవాళ్ళు ఆగి ఇది చదవండి. పేరు రాయను. వరసగా మూడు బిల్డింగులు, గేటుకి "ఓన్లీ ఫ్యామిలీస్" బోర్డు, మెట్ల కింద చెప్పులు విడిస్తే కేకలు. ఆ ఏరియాలో ఇల్లు వెతికినవాళ్ళకి ఈపాటికే అర్థమై ఉంటుంది.

సంగతి ఇది. ఫ్లాటు అద్దెకి తీసుకున్నది నా పేరు మీదే. అద్దె 28,000, అడ్వాన్సు రెండు నెలలు, బ్రోకరుకి నెల అద్దె, మామూలే. మా ఆయన, అంటే కాబోయే ఆయన, పుణె నుంచి ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ అయ్యాడు. దొంగచాటుగా ఉండటం ఇద్దరికీ ఇష్టం లేదు. పైగా వాళ్ళ ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏకి, అంటే ఇంటద్దె మీద టాక్సు మినహాయింపుకి, అగ్రిమెంటు అడుగుతున్నారు. ఓనరుకి ఫోన్ చేసి, ఇంకా పెళ్ళి కాలేదని కూడా ఉన్నదున్నట్టు చెప్పా. "దానిదేముందమ్మా, ఈ రోజుల్లో ఇవన్నీ కామనే. కొత్త అగ్రిమెంటులో ఇద్దరి పేర్లూ రాయిద్దాం. అద్దె ఒక మూడు వేలు పెంచుదాం, నీళ్ళ వాడకం పెరుగుతుంది కదా" అన్నాడు. ఎంత మంచి మనిషో అని మురిసిపోయి, అగ్రిమెంటు ఖర్చులకని అడిగిన 5,000 అప్పటికప్పుడే ఫోన్‌పే చేశా. నా తెలివికి దండం పెట్టాలి.

ఆదివారం సంతకాలకి రమ్మన్నాడు. ఆధార్ జిరాక్సులు పట్టుకుని కిందికి దిగాం. హాల్లో ఆయన, ఆవిడ, అసోసియేషన్ సెక్రటరీ, గుమ్మం దగ్గర వాచ్‌మన్. టీపాయ్ మీద స్టాంపు పేపరు లేదు, జీడిపప్పు ప్లేటు ఉంది. "కూర్చోమ్మా" అని, ఫోన్ తీసి స్పీకర్ పెట్టాడు. అవతల పలికింది మా నాన్న.

నంబరు ఎక్కడిదంటారా? నా పాత అగ్రిమెంటులోదే. పోలీస్ వెరిఫికేషన్‌కి కావాలని నాతోనే రాయించుకున్నది. "సార్, మీ అమ్మాయి ఎవరో అబ్బాయిని తెచ్చిపెట్టుకుంటానంటోంది. మీకు తెలిసే జరుగుతోందా? ఒక ఆడపిల్ల తండ్రిగా చెప్పడం నా బాధ్యత." ఖమ్మంలో మా నాన్న అప్పుడు కిరాణా కొట్లో నలుగురి మధ్య నిలబడి ఉన్నాడట. "ఎవరండీ మాట్లాడేది?" అని తప్ప ఏమీ అనలేకపోయాడు. నేను ఫోన్ లాక్కోబోతే చెయ్యి వెనక్కి తీసుకుని, జీడిపప్పు నములుతూనే, "పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో రాకూడదమ్మా" అన్నాడు. ఇంట్లో ఎప్పుడు చెప్పాలి, ముందు అమ్మకా నాన్నకా అని మేం కిందామీదా పడుతున్న విషయం అది. ఎవడో ఇంటి ఓనరు నోట తెలియాలా మా నాన్నకి? రాత్రి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

తర్వాత ఉపన్యాసం. సంస్కారం, సంప్రదాయం, పక్క ఫ్లాట్ల పిల్లలు చెడిపోవడం. మేజర్లయిన ఇద్దరు కలిసి ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు 2010లోనే నటి ఖుష్బూ కేసులో చెప్పిందండీ అని మావాడు ఓపిగ్గా అంటే, "అయితే వెళ్ళి కోర్టులోనే ఉండండి" అన్నాడు. సెక్రటరీ కిసుక్కున నవ్వాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలట. అగ్రిమెంటులో రాసిన రెండు నెలల నోటీసు నాకే గానీ ఆయనకి కాదట. ఇంత సంప్రదాయవాది, అద్దె ఏడాదికి లక్ష దాటింది, హెచ్‌ఆర్‌ఏకి మీ పాన్ కావాలండీ అంటే మాత్రం రెండేళ్ళుగా "చూద్దామమ్మా" అనే అంటున్నాడు. ఇన్‌కం టాక్సు మన సంప్రదాయంలో లేదు కాబోలు.

ఇష్టం లేకపోతే ఫోన్లోనే కుదరదనొచ్చు. ఇల్లు ఆయనది. పెళ్ళికాని జంటకి ఇవ్వనని మొహం మీదే చెప్పే ఓనర్లు ఊరంతా ఉన్నారు, వాళ్ళ మీద నాకింత మంట లేదు. ఈయన సరేనని, డబ్బు తీసుకుని మరీ పంచాయితీ పెట్టాడు.

ఖాళీ చేశాం. అడ్వాన్సు 56,000లో పెయింటింగుకని నెల అద్దె, క్లీనింగుకని 6,000 కోత. మిగతా 22,000 "కొత్తవాళ్ళు రాగానే" ఇస్తాడట. ఆ 5,000 ఊసే లేదు. నిన్న టులెట్ యాడ్ చూశా. "ఫ్రెష్లీ పెయింటెడ్" అట! ఫొటోలో హాలు గోడకి నేను కొట్టిన మేకు అలాగే ఉంది, దాని కింద నా గడియారం వేలాడినంత మేర తెల్లటి గుండ్రంతో సహా.

జంటగా ఉండాలనుకుంటే దిగేటప్పుడే ఇద్దరి పేర్లూ రాయించుకోండి. ఫోన్లో ఒప్పుకున్నది వెంటనే వాట్సాప్‌లో పెట్టి "ఇంతే కదండీ" అని జవాబు తెప్పించుకోండి. మీ ఇంట్లోవాళ్ళ నంబరు అడిగితే మీ వైపు నిలబడే మనిషిది ఇవ్వండి. మామూలుగా రాసే ఆ 11 నెలల అగ్రిమెంటు కాగితంలో నోటీసు ఇద్దరికీ ఒకటేనా, పెయింటింగు ఎవరి ఖర్చు, ఈ రెండూ చదవకుండా సంతకం పెట్టొద్దు. ఆ యాడ్ స్క్రీన్‌షాట్ తీసి లాయరుకి పంపా, నోటీసు ఈ వారం వెళ్తుంది.